ఆదివారం అల చిన్నదే, అయినా పిల్లల్ని శనివారమే తీసుకెళ్లండి

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పిల్లల్ని సర్ఫింగ్‌కి శనివారం తెల్లారగానే తీసుకెళ్లండి, ఎనిమిదిన్నరకల్లా ఒడ్డెక్కించేయండి. ఆదివారం మాత్రం వాళ్లని నీళ్లలోకి దించకండి. మీరు పంపిన అంకెలు చూసినవాళ్లెవరికైనా ఇది తిరకాసుగానే కనిపిస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు చెప్పినవి ఒకసారి మళ్లీ పెట్టుకుందాం. చోటు విశాఖ రుషికొండ బీచ్, ఏప్రిల్ ఆఖరి వారం, శుక్రవారం పౌర్ణమి. శనివారం అల ఎత్తు 1.2 మీటర్లు, పీరియడ్ 7 సెకన్లు. ఆదివారం 1 మీటరు, 16 సెకన్లు, దక్షిణం నుంచి. సోమవారం 1.5 మీటర్లు, 15 సెకన్లు. గాలి రెండు రోజులూ పొద్దున గంటకి 8 కిలోమీటర్ల లోపు, మధ్యాహ్నం 25 దాకా. పోటు శనివారం ఉదయం 9.20కి, ఆదివారం 10 గంటలకి. శనివారం కన్నా ఆదివారం అల చిన్నది, పైగా ఎండ కాస్తుందంటున్నారు, కాబట్టి పదేళ్ల పాపకీ పన్నెండేళ్ల బాబుకీ ఆదివారమే సర్ఫింగ్ మొదలుపెట్టించి, సాయంత్రం అలా యారాడ వెళ్లొద్దామని మీ ఆలోచన.

మీరు ఎత్తు చూశారు, పీరియడ్ వదిలేశారు. కొత్తవాళ్లంతా చేసేది ఇదే. ఒక కెరటం శిఖరం వెళ్లాక రెండో శిఖరం రావడానికి పట్టే సమయమే పీరియడ్. ఏడు సెకన్లంటే దగ్గర్లో వీచిన గాలికి పుట్టిన అల. గజిబిజిగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తుంది. చూడ్డానికి సముద్రం కోపంగా ఉన్నట్టుంటుంది కానీ దాని బలం పైపైనే. పదహారు సెకన్లంటే ఎక్కడో దూరాన పెద్ద తుఫాను రేపిన అల. ఇంత దూరం వచ్చేసరికి చిన్నచిన్న అలలన్నీ దారిలోనే చచ్చిపోయి, పొడవాటివి మాత్రం వరస కట్టి వస్తాయి.

బలం ఎలా లెక్కగట్టాలంటే, ఎత్తుని ఎత్తుతో గుణించి, వచ్చినదాన్ని పీరియడ్‌తో గుణించండి. శనివారానికి సుమారు 10 వస్తుంది, ఆదివారానికి 16. ఎత్తు తగ్గినా ఒడ్డుకి చేరే శక్తి ఒకటిన్నర రెట్లు దాటింది. సోమవారానికైతే 34 వస్తుంది, అంటే శనివారానికి మూడు రెట్ల పైమాటే. ఇది మోటు లెక్కే, కానీ రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు.

ఇంకో సంగతి. లోతు నీళ్లలో అల పొడవు పీరియడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఏడు సెకన్ల అల పొడవు 76 మీటర్లు, పదహారు సెకన్లది దాదాపు 400 మీటర్లు. అల తన పొడవులో సగం లోతు నుంచే అడుగుని తడుముకుంటూ వస్తుంది. అంటే శనివారపు అలకి 38 మీటర్ల లోతుకి వచ్చేదాకా నేల ఉన్నట్టే తెలియదు. ఆదివారపు అల 200 మీటర్ల లోతు దగ్గరే నేలని పట్టుకుంటుంది. అక్కడినుంచి నెమ్మదిస్తూ, దగ్గరికి ముడుచుకుంటూ, లేస్తూ వస్తుంది. లోపల ఒక మీటరున్న పొడుగు అల ఒడ్డు దగ్గర విరిగేటప్పుడు ఒకటిన్నర మీటరు దాటి నిలబడటం మామూలే. మీ పాప ఎత్తు దాదాపు అంతే కదా.

యాప్ చూపించే ఎత్తు కూడా ప్రతి అల ఎత్తూ కాదు. ఉన్న అలల్లో పెద్దవాటిని, అంటే పై మూడో వంతుని ఏరి తీసిన సగటు అది. గంటల తరబడి చూస్తే దానికి రెండింతలున్న అల కూడా ఒకటి రెండు వస్తాయి. అది ఏ నిమిషంలో వస్తుందో ఏ యాప్ చెప్పదు.

ఈ పదహారు సెకన్ల కెరటం ఎక్కడిదో తెలిస్తే సోమవారం ఎందుకు పెరుగుతోందో కూడా తెలుస్తుంది. మనకి వేసవిలో, వానాకాలంలో వచ్చే పొడుగు కెరటాలు చాలావరకు దక్షిణ హిందూ మహాసముద్రంలో, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి అవతల పుడతాయి. అక్కడినుంచి విశాఖకి దాదాపు ఏడు వేల కిలోమీటర్లు. పదహారు సెకన్ల కెరటాల గుంపు గంటకి 45 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. ఆరేడు రోజుల ప్రయాణం. పీరియడ్ ఎంత ఎక్కువైతే నడక అంత వేగం కాబట్టి, 18 సెకన్లవి 14 సెకన్లవాటి కన్నా ఒకటిన్నర రోజు పైగా ముందే చేరిపోతాయి. ముందు వచ్చేవి ఎత్తులో చిన్నవి, అసలు బలగం వెనక వస్తుంది. కాబట్టి పీరియడ్ ఒక్కసారిగా 7 నుంచి 16కి ఎగిరి, ఎత్తు మాత్రం తక్కువగా కనిపించిందంటే సముద్రం శాంతించిందని కాదు, పెద్ద వరసకి తల ఇప్పుడే చేరిందని. మీ ఆదివారం సరిగ్గా అలాంటిదే.

ఇక్కడ ఆకాశంలో దానికి ఏ గుర్తూ ఉండదు. మబ్బుండదు, గాలుండదు, ఎండ కాస్తుంటుంది. కేరళవాళ్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, ఏప్రిల్, మే నెలల్లో వాళ్లకిది బాగా అలవాటైన బెడద. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. అప్పుడు తుఫాను లేదు, ఉన్నది పొడుగు కెరటాల హెచ్చరికే. మన తీరానికి శ్రీలంక కొంత అడ్డు నిలుస్తుంది కాబట్టి కేరళకున్నంత తాకిడి మనకుండదు. అలాగని మనకి రాదనుకోవడం మాత్రం తప్పు.

ఈ హెచ్చరికలిచ్చేది మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశమంతటి తీరాన్నీ కనిపెట్టుకుని ఉండే సంస్థ. వాళ్ల వెబ్‌సైటులో జిల్లాలవారీగా అలల సమాచారం ఉంటుంది, సముద్ర అనే యాప్ కూడా ఉంది. రంగురంగుల విదేశీ యాపులు ఎన్నైనా చూడండి, నేనూ చూస్తాను. కానీ పిల్లలతో వెళ్లేరోజు ఇన్‌కాయిస్ పేజీ తెరవకుండా ఇల్లు కదలకండి. అక్కడ విశాఖ జిల్లాకి ఎత్తైన అలల హెచ్చరిక గానీ స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడుగు కెరటం) హెచ్చరిక గానీ ఉంటే ఇక నేను రాసింది చదవక్కర్లేదు, ఆ రోజుకి సముద్రం లేదనుకోండి.

ఇప్పుడు మన ఒడ్డు సంగతి. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగి, ఆగ్నేయం వైపు చూస్తుంది. దక్షిణం నుంచి వచ్చే కెరటం ఒడ్డుకి చేరాలంటే వంగాలి. పొట్టి అలలు అంతగా వంగవు, ఒడ్డుకి ఏటవాలుగానే వచ్చి తగులుతాయి. పొడుగు అల లోతులోనే నేలని పట్టుకుంటుంది కాబట్టి నింపాదిగా తిరిగి కొండ మూలల్లోకి కూడా చొరబడుతుంది. వంగినప్పుడు కొంత బలం పోతుంది, నిజమే. కానీ చోటు చోటుకీ తేడా ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ దక్షిణపు అలకి కొంత అడ్డుపడుతుంది కాబట్టి దాని నీడలో ఉన్న మేరకి ఆర్కే బీచ్ దక్షిణపు కొస కాస్త నెమ్మదిగా కనిపించవచ్చు. కొండకి అవతల ఉన్న యారాడకి ఆ అడ్డు లేదు. యాప్ ఇచ్చే అంకె ఇవేవీ చూడదు. దాని గడి ఒక్కొక్కటీ పది, ఇరవై కిలోమీటర్లుంటుంది, అందులో రుషికొండ, తెన్నేటి పార్కు, ఆర్కే బీచ్ అన్నీ ఒకే చుక్క.

ఆర్కే బీచ్ నెమ్మదిగా కనిపించినా సరే, పిల్లల్ని అక్కడ దించకండి. ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంటుంది. ఔటర్ హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగిపోతుంది, అందుకే పోర్టువాళ్లు తవ్విన ఇసుకని తెచ్చి ఈ ఒడ్డున పోయాల్సి వస్తోంది. రెండడుగులు వేసేసరికి మోకాళ్ల లోతు నడుము లోతవుతుంది. సర్ఫింగ్ నేర్చుకోవడానికి నేల మెల్లగా దిగాలి, కెరటం దూరంగా విరిగి నురగగా దొర్లుకుంటూ రావాలి. ఉన్నవాటిలో రుషికొండే నయం. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్ కాబట్టి ఈతకి హద్దులు, లైఫ్‌గార్డులు ఉంటారు. పక్కన రాళ్లున్నాయి, బోర్డుతో ఆ వైపు మాత్రం పోకూడదు.

రాళ్లంటే గుర్తొచ్చింది. పొడుగు పీరియడ్ రోజున ప్రమాదం నీళ్లలో ఉన్నవాళ్లకే కాదు, రాళ్లెక్కి సెల్ఫీలు దిగేవాళ్లకి కూడా. ఈ కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి, తర్వాత ఐదారు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు సముద్రం చెరువులా పడుంటుంది. ఆ విరామంలో వచ్చినవాడికి ‘ఏముంది, అద్దంలా ఉంది’ అనిపిస్తుంది. కెమెరా తీసి నవ్వమనేలోపు తర్వాతి గుంపు వస్తుంది. వెళ్లగానే నీళ్లని కాదు, రాళ్లని చూడండి. తడి ఎక్కడిదాకా ఉందో, ఇసుక మీద చెత్త గీత ఎంత పైకి పడిందో చూడండి. ఎండలో తడి రాయి నిమిషాల్లో ఆరిపోతుంది. ఇంకా తడిగా మెరుస్తోందంటే ఇప్పుడే అక్కడిదాకా నీళ్లొచ్చి వెళ్లాయని. బోర్డు పట్టుకుని దిగేముందు ఒడ్డున కనీసం పావుగంట కూర్చోమని నేను ఎవరికైనా చెబుతాను, తక్కువలో తక్కువ రెండు గుంపులు చూశాకే లేవాలి.

గాలి గురించి ఎక్కువ చెప్పను, మీ అంకెలే చెబుతున్నాయి. పొద్దున నేల మీంచి సముద్రం మీదకి మెల్లగా వీచేటప్పుడు కెరటం ముఖం నునుపుగా ఉంటుంది. పది, పదకొండుకి సముద్రపు గాలి మొదలై, ఏప్రిల్‌లో ఒంటిగంట దాటాక నైరుతి నుంచి ఒడ్డు వెంబడి ఈడ్చి కొడుతుంది. ఆ గాలికి ఒడ్డు వెంబడి నీళ్లు కూడా ఈశాన్యం వైపు జరుగుతాయి. దిగిన చోట బయటికి రావడం లేదని పిల్లలు తికమకపడేది అప్పుడే. ఈ నైరుతి గాలే మన తీరంలో పైనీటిని బయటికి తోసి అడుగునున్న చల్లటి నీటిని పైకి తెస్తుంది, మండే ఎండలో కూడా నీళ్లు ఒక్కోరోజు జివ్వుమనడం అందుకే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: వాతావరణ లెక్కల్లో నైరుతి గాలంటే నైరుతి నుంచి వచ్చేదని. కొన్ని యాపుల్లో బాణం గాలి పోయే వైపు చూపిస్తుంది. ఇది తిరగేసి చదివి, గాలి బోర్డుని ఒడ్డుకి తోస్తుందనుకుని లోపలికి కొట్టుకుపోయినవాళ్లున్నారు.

పోటు పాట్ల లెక్క. పౌర్ణమి శుక్రవారమన్నారు కాబట్టి ఈ రెండు రోజులూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. విశాఖలో ఈ తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ, అదే అష్టమి ప్రాంతాల్లో అరమీటరు. రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. శనివారం 9.20కి నిండు పోటు అంటే ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య నీళ్లు సగానికి పైగా ఎక్కుతూ ఉంటాయి. నేర్చుకునేవాళ్లకి మంచి సమయం ఇదే. నిండు పోటులో కెరటం దూరంగా విరగకుండా నేరుగా ఒడ్డు వాలు మీదే విరుచుకుపడుతుంది, పిల్లల మెడలకీ భుజాలకీ దెబ్బలు తగిలేది అక్కడే. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో పూర్తి పాటు. రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు, బలం పుంజుకునేది ఆ దిగుడు నీళ్లలో. అటు గాలి, ఇటు పాటు, ఆదివారమైతే మీద పొడుగు కెరటం. మూడూ కలిసేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, సరిగ్గా జనం భోజనాలు చేసి బీచ్‌కి బయల్దేరే వేళకి.

రిప్ గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఈ జవాబులో మీకు నిజంగా పనికొచ్చేది ఇదే. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు ఎలాగోలా వెనక్కి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ లోతు సందు ఉంటే అక్కడ గుమిగూడి కాలవలా లోపలికి పోతాయి. సందులో లోతెక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ఒక పట్టీ మేర నల్లగా, నునుపుగా నీళ్లు. ఈత రాని తండ్రి పిల్లల చెయ్యి పట్టుకుని ఏరికోరి దించేది ఆ నునుపైన చోటే, అక్కడ కెరటాలు లేవని. ఆ పట్టీలో నురగ ముక్కలు ఎటు పోతున్నాయో చూడండి. ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటే, నీళ్లలో బురద రంగు ఇసుక లేస్తుంటే, అదే రిప్. ఒడ్డు ఇసుక కూడా చెబుతుంది. వంకీలు వంకీలుగా కోసినట్టుంటే, వంకీ లోపలికి తిరిగిన చోట వెనక్కి లాగే నీళ్లు ఎక్కువ. చీలమండల లోతులో నిలబడి చూడండి, వెనక్కి పోయే నీళ్లు మడమల కింద ఇసుకని ఎంత జోరుగా తోడేస్తున్నాయో కాళ్లకే తెలుస్తుంది.

పట్టుకుందనుకోండి, ఒడ్డు వైపు ఎదురీదడానికి చూడకండి. గట్టి రిప్ సెకనుకి ఒకటి రెండు మీటర్లు పోతుంది, పోటీ ఈతగాడు కూడా దానికి ఎదురెళ్లలేడు. అది కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది అంతే. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి ఊపండి, ఒడ్డుకి సమాంతరంగా నురగ కనిపించే వైపు జరగండి, ఆ నురగే మిమ్మల్ని ఒడ్డుకి తోస్తుంది. బోర్డు ఉంటే చచ్చినా వదలకండి, అది తేలే వస్తువు. పిల్లలకి ఈ మాటలు ఒడ్డున ఇసుకలో గీసి చూపించి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించాకే దించండి.

పిడుగులు. ఏప్రిల్ ఆఖరులో సాయంత్రాలు కొండల వైపు మబ్బు లేచి తీరానికి రావడం కొత్త కాదు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, జిల్లా నుంచి వచ్చే మెసేజీలు తీసిపారేయకండి. మెరుపు కనపడి ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి బయటికి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు.

సూచనల్ని ఎంతవరకు నమ్మాలంటే, స్వెల్ సంగతి నాలుగైదు రోజుల ముందు చెప్పినా చాలావరకు నిజమవుతుంది, ఎందుకంటే అది అప్పటికే బయల్దేరి దారిలో ఉంటుంది. వచ్చే వేళ మాత్రం కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి శనివారం పొద్దున్న కూడా పీరియడ్ ఒకసారి చూసుకోండి. 12 దాటి ఉంటే ముందే వచ్చేసిందన్నమాట. గాలిని రెండు రోజుల ముందు నమ్మొచ్చు. ఉరుముల వాన ఏ బీచ్ మీద పడుతుందో ఆ రోజు మధ్యాహ్నానికి గానీ తేలదు.

మామూలు రోజుల్లో ఇంకో మంచి గుర్తు ఉంది, పెద జాలారిపేట పడవలు తెల్లవారుజామున కదిలాయా లేదా అని. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉన్నాయి కాబట్టి సముద్రం బాలేదనో, నాటు తెప్ప ఒకటి వెళ్లింది కాబట్టి అంతా బాగుందనో లెక్కేసుకోకండి. ఆ తెప్ప మీదున్నవాడు పుట్టిందగ్గర్నుంచీ అదే నీళ్లలో ఉన్నవాడు. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు తుఫాను, వాయుగుండాలకి సంబంధించినవి. ఒకటో నంబరు కూడా లేదంటే గాలివాన లేదని మాత్రమే, దూరపు కెరటం రాదని కాదు. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఆ నంబర్లే ప్రాణం. 2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ సరుకు ఓడే లంగరు తెంచుకుని తెన్నేటి పార్కు రాళ్లెక్కింది.

ఇక మీ రెండు రోజులు. శనివారం ఆరింటికల్లా రుషికొండలో ఉండండి. గజిబిజిగా ఉంటుంది, ఫొటోలకి అందంగా ఉండదు, పిల్లలు నాలుగు సార్లు నీళ్లు మింగుతారు. ఫర్వాలేదు. మెత్తటి ఫోమ్ బోర్డు, కాలికి లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు), పక్కన శిక్షకుడు. పాప మోకాళ్ల లోతు దాటకూడదు, బాబు నడుము దాటకూడదు. విరిగిపోయిన నురగలో బోర్డు మీద పడుకుని జారడం, తర్వాత మోకాళ్ల మీద లేవడం, మొదటి రోజుకి అది చాలు. నిలబడాలని తొందరపెట్టకండి. పొడుగు చేతుల బిగుతు చొక్కా వేయించండి, లేకపోతే బోర్డు రాపిడికి పొట్ట కాలినట్టవుతుంది.

ఆదివారం మీకు మీరుగా దిగాలనుకుంటే, ఈత బాగా వచ్చి, ఇదివరకు పొడుగు కెరటంలో బోర్డు మీద ఉన్న అనుభవం ఉంటే, పొద్దున ఏడింటి లోపు, తోడు మనిషితో, పావుగంట కూర్చుని చూశాక. మీరు రాసినదాన్ని బట్టి మీకూ ఇది కొత్తే అనిపిస్తోంది, కాబట్టి నా మాట వింటే వద్దు. సోమవారం పిల్లలకి సెలవే కదా అని అటు జరపకండి, ఆ రోజు ఇంకా పెద్దది. మళ్లీ పీరియడ్ పదికి దిగి, ఎత్తు మీటరు లోపు వచ్చేదాకా ఆగండి, మామూలుగా ఇలాంటి వరస మూడు నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది.

ఆదివారం సాయంత్రం యారాడ అన్నారు. వెళ్లండి, కెరటాలు చూడ్డానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. కానీ తడి ఇసుక ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఇంకో ఇరవై అడుగులు పైకి చాప వేసుకోండి, చెప్పులు, ఫోన్లు చాప మీదే ఉండాలి. రాళ్ల వైపు ఎవరూ వెళ్లకూడదు, ‘కాళ్లు మాత్రం తడుపుకుంటాం నాన్నా’ అన్నా ఒప్పుకోకండి.